ముట్టుడు

కొత్తవాడల జంపఖానల గోదాము.
సంహిత మేడం వైర్ల కట్ట నా చేతిల పెట్టి చెప్పింది:
"అన్నా, ఈ గోడ ముట్టుకుంటె మోగాలె."
నాకు నవ్వొచ్చింది.
ఇరవై ఆరేండ్ల సంది నా పని
ఎవరూ ముట్టుకోకుండ చూసుడే.

పని నేర్వ వచ్చిన ప్రతి పోరనికి మొదటి దినమే చెప్త:
వైరును నమ్మకు, టెస్టరును గూడ నమ్మకు.
తప్పదనుకుంటె చెయ్యి మర్లేసి ముట్టు.
కరెంటు వేళ్లను ముడుస్తది.
అరచెయ్యి పెడితివా, పట్టుకుంటవ్, ఇక ఇడువది.
వెనుకచెయ్యైతె ఇసిరి కొడ్తది, బతుకుతవ్.
నా చేతి వెనుకకు ఉన్న తెలివి
నా అరచేతికి లేదు.

చేరాలుకు ఈ ముచ్చట వందసార్లు చెప్పిన.
పోచమ్మ మైదాన్ల, ముసురు దినం, బట్టల షాపు బోర్డు.
అరచెయ్యే పెట్టిండు.
పట్టుకుంటె నేనూ పోత.
ఎండు కట్టె దొరకవట్టుకొని కొట్టిన,
గూడ జారేదాక కొట్టిన. కింద పడ్డడు. బతికిండు.
ఇప్పుడు ములుగు రోడ్డు మీద కోళ్ల షాపు.
ఎప్పుడు పోయినా అంటడు,
"కొట్టినవ్ గని అన్నా, నన్ను పట్టుకోలే."
నవ్వుకుంటనే అంటడు.
నేను కిలో కోడి కొట్టించుకొని వస్త.

ముట్టుడు అంటె మా దిక్కు ఎన్ని తీర్లు!
బీడి ముట్టిస్తం. పైసలు ముట్టినయా అంటం.
ముట్టైందని ఆడామెను అవుతల కూసోబెడ్తం.
మా తాత చాయ్ తాగే గిలాస
హోటలెనుక వేరే మొలకు ఏలాడేదట,
ఇంకెవరూ ముట్టొద్దని.
ఇంత లోడు మోసే మాట వైరైతె
ఎప్పుడో కాలిపోవు.

జంపఖాన గట్టమ్మ నేసింది.
నూలు పోగుల నడుమ రాగి పోగు.
రాగి తెగిన కాడల్ల పండ్లతోని కొరికి ముడేసింది.
ఈ చివర ఒక చెయ్యి బొమ్మ, ఆ చివర ఒకటి,
నడుమ పదడుగులు. ఒక్కనికి రెండూ అందయి.
ఇద్దరు చెరొక బొమ్మ మీద చెయ్యి పెట్టి
మిగిలిన చేతులు కలుపుకోవాలె.
అప్పుడు మనిషే వైరు.
ఐదు వోల్టులు. చీమ కుట్టినంత గూడ కాదు.

ఓపెనింగు నాడు కాలేజి పోరగాండ్లు గొలుసు కట్టిండ్రు.
మగ్గం మీది పంజ దెబ్బలు గోడల నుంచి దడదడ మోగినయి.
ఒక రిటైర్డు సారు, నలుగురిల భార్య చెయ్యి పట్టుకోను సిగ్గైతె,
చిటికెన వేలు ఇచ్చిండు, పెండ్లినాటి లెక్క.
చిటికెన వేలుకూ మోగింది.
ఇంకొకాయన, ఊడ్చే ఆమె వచ్చి పక్కన నిలవడంగనే
ఫోనొచ్చినట్టు అవుతలికి పోయిండు.
ఫోను మోగలే.
గోడా మోగలే.

రాత్రి ఎనిమిదాయె. అందరూ పోయిండ్రు.
గట్టమ్మ ఆ చివరి బొమ్మ కాడ నిలవడ్డది.
"నేసినదాన్ని, నేనే ఇనలే కొడుకా. దా."
ఈ బొమ్మ మీద ఒక చెయ్యి పెట్టిన.
రెండోది చాపిన.
అలవాటు. మర్లేసిన చెయ్యి.

ఆమె చూసింది. ఏందిదని అడుగలే.
పెనం మీద జొన్నరొట్టెను మర్లేసినట్టు
నా చెయ్యి మర్లేసింది.
పంజ పట్టి పట్టి కాయలు గాసిన అరచెయ్యి,
గరుకు, కొంచెం వెచ్చ.

మోగింది. ఆమె మగ్గమే, ఆమె దెబ్బలే.
నా వేళ్లు ముడుసుకున్నయి.
ఐదు వోల్టులకు వేళ్లు ముడువయి,
ఆ సంగతి నాకంటె ఎవనికి ఎరుక?

మెయిను బందు చెయ్యాలె, తాళం ఎయ్యాలె.
ఒక చెయ్యి గోడ కాడ, ఇంకోటి ఆమె కాడ.

"జర ఆగు," అన్నది గట్టమ్మ,
"ఈడ నా దగ్గొస్తది."